మూడు జానలు తగ్గిన బంతిచాప

షికారుకి వెళ్ళొచ్చిన మర్నాడు బంతిచాప కడిగే పని ఎప్పుడూ సెంగమలందే. బంతి భోజనాలకి పరిచే పొడుగాటి తుంగచాప అది. ఒర్లియంపేట స్త్రీ సేవా సంఘానికున్న ఆస్తిపాస్తుల్లో అదే పెద్దది. బావి దగ్గర నాలుగు బిందెలు గుమ్మరించి, పులిహోర మరకలు కొబ్బరిపీచుతో తోమి, మిద్దె చుట్టూ పిట్టగోడ మీద ఆరేసి, ఎండ తగ్గాక జానతో కొలుస్తుంది. మనిషికి మూడు జానలు. రాబోయే బంతిలో ఎంతమంది కూర్చుంటారో అంతకి సరిగ్గా సర్దుకోవడం ఆ చాప అలవాటు. ఎవరూ నేసేది లేదు, కోసేది లేదు. సెంగమలం లెక్క చెబితే అధ్యక్షురాలు లోగనాయకి దాన్నిబట్టి బియ్యం కొలిపిస్తుంది. పదకొండేళ్ళలో గుప్పెడు అన్నం వృథా కాలేదు. ఒకసారి భాగ్యం వచ్చి తీరతానని ఒట్టేసినా చాప మూడు జానలు తగ్గింది. ఆ రోజు పొద్దున్నే భాగ్యానికి జ్వరం తగిలింది. ఇందులో వింత ఏముందో ఎవరికీ తెలియదు. చీపురుకి ఊడవడం వచ్చినట్టే చాపకి లెక్క వచ్చనుకునేవారు.

ఫ్రెంచివాళ్ళ జెండా దిగి మన జెండా ఎగిరిన ఏడు చాప ఒకేసారి పన్నెండు జానలు తగ్గింది. నెల తిరక్కుండా నాలుగు కుటుంబాలు ఫ్రాన్సుకి ఓడ ఎక్కాయి. ఆ మరుసటేడు మళ్ళీ మూడు జానలు పెరిగితే, ఎవరొస్తారా అని అందరూ వీధివైపు చూశారు. వారం తర్వాత యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు భార్య నాగకుమారి, మామిడి తాండ్ర చుట్టలు పట్టుకుని సంఘం గుమ్మంలో నిలబడింది. సంఘంలో తెలుగు చదవడం, రాయడం వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. అందుకని రాబోయే కార్యక్రమాలన్నీ ఆమే రాస్తుంది, ఆమే చదివి వినిపిస్తుంది.

ఈసారి ముక్కనుమనాటి కాణుం పొంగలుకి బండ్లు కట్టుకుని అరియాంకుప్పం ఏటి ఒడ్డుకి వెళ్ళారు. పంతొమ్మిది మంది చాప మీద కూర్చున్నారు. చిన్నమ్మాళ్ వడ్డించింది. తిన్నాక కబుర్లు పాత తిరనాళ్ళ మీదికి మళ్ళాయి. ఫ్రెంచివాళ్ళ జూలై పద్నాలుగు పండగకి సముద్రపు ఒడ్డున నూనె రాసిన మాను పాతేవాళ్ళు గదా, చివర కోడిని కట్టేవాళ్ళు గదా, అని ఒకరు ఎత్తుకున్నారు.

"మా యానాంలోనూ అదే పండగండీ," అంది నాగకుమారి. "మాకైతే గోదాట్లో పడవ పందేలు. మా మావయ్య ఏటా మునిగేవాడు, ఏటా మళ్ళీ ఎక్కేవాడు."

అందరూ నవ్వారు. సెంగమలం కూడా నవ్వింది గాని మనసు అక్కడ లేదు. ఆ మాను ఎక్కబోయి జారి, ఊరంతా నవ్వుతుంటే లేచి మళ్ళీ ఎక్కినవాడు ఆమె మొగుడు సుబ్బరాయలే. అప్పటికి మొగుడు కాలేదు. ఆ మొండితనం చూసే ఆమె మనసు పడింది. ఇప్పుడదే మొండితనంతో, ఫ్రాన్సు వెళ్ళిపోదామని, అతను ఇద్దరికీ చెరొక ఆప్షన్ కాగితం తెచ్చి బీరువాలో పెట్టాడు. ఫ్రాన్సు పౌరులుగా ఉండిపోవాలనుకునేవాళ్ళు ఫిబ్రవరి పదహారో తేదీలోగా రాసి ఇవ్వాలి. అతని కాగితం మీద సంతకం అయింది. ఆమె కాగితం మీద కాలేదు.

నాగకుమారి కాగితం విప్పి చదివింది. శుక్రవారాలు ఆసుపత్రిలో రోగులకి రొట్టె, పాలు. ఫిబ్రవరిలో పిల్లల గౌన్లు కుట్టడం. మార్చిలో మాసిమగం తిరనాళ్ళకి వైత్తికుప్పం సముద్రపు ఇసుకలో మజ్జిగ పందిరి, సంఘానికి అక్కడే బంతి.

మర్నాడు సెంగమలం చాప కడిగి, ఆరేసి, కొలిచింది. యాభై నాలుగు జానలు వచ్చింది. మళ్ళీ కొలిచింది. యాభై నాలుగే. అంటే పద్దెనిమిది మంది. చెయ్యి కడుక్కొచ్చి కొలిచింది, రాత్రికి మంచు పడితే సాగుతుందేమోనని తెల్లారాక కొలిచింది. ఆ వారం ఆమె పప్పు రెండుసార్లు మాడబెట్టింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్ళాలో తోచేది కాదు. లోగనాయకి అడిగితే సెంగమలం పంతొమ్మిది అని చెప్పింది. పదకొండేళ్ళలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. అది రెండు రోజులు కూడా నిలవలేదు. పక్క మిద్దె మీద వడియాలు పెడుతున్న భాగ్యం కళ్ళతోనే చాప కొలిచేసింది.

ఇంక ఎవరూ ఎవరినీ అడగలేదు. సంఘంలో ఆప్షన్ కాగితం ఉన్న ఇల్లు ఒక్కటే. లోగనాయకి వచ్చి చెయ్యి పట్టుకుని, "సరి, విడు సెంగమలం. పోయేవాళ్ళని మనం ఎప్పుడూ ఏడ్చి పంపలేదు," అంది. వీడ్కోలు టీకి రోజు పెట్టారు. మజ్జిగ పందిరి బాధ్యత ఆమె నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. భాగ్యం మొహమాటపడుతూనే ఇడ్లీ పాత్ర సంగతి కదిపింది. "దాన్ని ఓడలో యాడ మోస్తావక్కా?" నాగకుమారి మాత్రం గట్టిగా ఏడ్చింది. "మీరెళ్ళిపోతే నాకు పోట్లాడుకోడానికి ఎవరున్నారండీ ఈ ఊళ్ళో?"

బతికుండగానే తన వస్తువులు పంచేసుకుంటున్నట్టు అనిపించింది సెంగమలానికి. కోపం వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియలేదు. చాప మీద మాత్రం ఎలా చూపుతుంది?

సుబ్బరాయలుకి అది దేవుడు చెప్పినట్టే ఉంది. "చూసినావా, నీ చాపే చెప్పేసింది. నీకీడ చోటు లేదు. సంతకం పెట్టేయరాదా?"

"నాకు అక్కడ ఎవురుండారు?"

"నేనుండా గదా." అతను ఆమె పక్కనే కూలబడి అన్నాడు, "ఏమే, ఇరవై ఏండ్లు ఫ్రెంచిలో రిజిస్టర్లు రాసినోణ్ణి. ఇప్పుడు ఫైళ్ళన్నీ ఇంగ్లీషులో వస్తాండాయి. నా కొడుకంత వయసోడు వచ్చి దీనికి అర్థం తెలుసునా అని అడగతాడు. నేను గోడ చూస్తా కూచుంటా. ఎన్నాళ్ళు చూసేది?"

అతని మీద జాలి ఆమెకి నిజంగానే ఉంది. కాని ఈ ఊళ్ళో సుబ్బరాయలు పెళ్ళాం కాకుండా ఆమెకి ఇంకో పేరుండేది సంఘంలో ఒక్కచోటే. ఏ వీధిలో నడిచినా, చాపక్కా ఎందరొస్తున్నారు, అని పిలిచి అడుగుతారు. ఆ పేరు ఓడ ఎక్కదు.

పదహారో తేదీ పొద్దున సుబ్బరాయలు కోటు తొడుక్కున్నాడు. "దారిలో నీ చాప ఇచ్చేసి, నేరుగా కాన్సులు ఆఫీసుకి రా. నేను ముందు పోయి వరసలో నిలబడతా," అన్నాడు. ఆమె కాగితం కూడా జేబులో పెట్టుకున్నాడు. ఆమె సరేనంది. నెల రోజులుగా నిద్ర లేదు. ఎవరెటు లాగితే అటు పోయేలా ఉంది. చాప చుట్టి రిక్షాలో వేయించుకుని చిన్నమ్మాళ్ ఇంటికి వెళ్ళింది.

చిన్నమ్మాళ్ వాకిట్లో కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. డెబ్బై దాటిన మనిషి. చాపని చూసింది, సెంగమలం మొహం చూసింది.

"ఏందే ఇది?"

"ఇంక నువ్వే కడగల్ల పెద్దమ్మా. నాకు దాంట్లో చోటు పోయింది."

"పోతే?"

"పోతే ఏందంటే... చోటు లేదంటే నేను ఉండనని గదా."

చిన్నమ్మాళ్ ఆకు పక్కన పెట్టింది. "నాకు యాడుండాది చోటు? సంఘం పెట్టిన కాడినుంచి నీ చాపలో నాకు జానెడు లేదు. నేను వడ్డించేదాన్ని. నిలబడతా, తిరగతా, కడాకి బండి చక్రం కాడ నిలబడే తింటా. నేను ఊరిడిచి పోయినానా?"

సెంగమలం చాప వంక చూసింది. పదకొండేళ్ళు వేళ్ళు నొప్పి పుట్టేలా కొలిచింది. ఆ కొలత కూర్చునేవాళ్ళదే గాని వచ్చేవాళ్ళది కాదని ఒక్కనాడూ తట్టలేదు. సంఘంలో ఎవరికీ తట్టలేదు. చిన్నమ్మాళ్ అన్నానికని లోగనాయకి ఎప్పుడూ చేత్తోనే గిద్దెడు బియ్యం పైన వేసేది, అంతే.

"పెద్దమ్మా, మాసిమగం రోజు జనం వరస కట్టుంటారు గదా. మనోళ్ళు బంతికి కూచుంటే మజ్జిగ కాడ ఎవురుంటారు?"

"ఎవురో ఒకరు నిలబడల్ల," అంది చిన్నమ్మాళ్, ఆకు మళ్ళీ అందుకుని.

సెంగమలం చాప రిక్షాలోనే ఉంచి, కాన్సులు ఆఫీసు దాకా అలాగే వెళ్ళింది. వరస వీధి మలుపు దాకా ఉంది. సుబ్బరాయలు తలుపు దగ్గరికి వచ్చేశాడు. ఆమెని చూసి మొహం వికసించింది. తర్వాత రిక్షాలో చాపని చూశాడు.

"నేను పెట్టను," అంది ఆమె.

"చాపలో నీకు చోటు లేదు గదే!"

"లేకపోతే పాయె. నిలబడేదానికి కాళ్ళుండాయి."

వెనకవాళ్ళు తోశారు. లోపల్నుంచి అతని పేరు పిలిచారు. అతను జేబులోంచి ఆమె కాగితం తీసి చేతికిచ్చి, తన కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఆమె రిక్షావాణ్ణి పోనిమ్మంది. ఇంటికొచ్చాక చాలాసేపు ఏడ్చింది. ఆ రాత్రి నిద్రపట్టింది.

మాసిమగం రోజు ఊళ్ళోని గుళ్ళ దేవుళ్ళందరూ సముద్రస్నానానికి వచ్చారు. వాళ్ళ వెనకే జనం. వైత్తికుప్పం ఇసుకలో పందిరి కింద చాప పరిస్తే పద్దెనిమిది మంది ఎడం లేకుండా కూర్చున్నారు. చిన్నమ్మాళ్ వడ్డిస్తోంది. సెంగమలం పొద్దుట్నుంచీ మజ్జిగ కుండ దగ్గరే ఉంది. నాగకుమారి ముద్ద నోట్లో పెట్టుకుంటూనే, "కాళ్ళు లాగడం లేదాండీ?" అని అరిచింది. "లాగతాండాయి, నువ్వు తిను," అని ఈమె అరిచింది.

వరసలో ఒక గ్లాసు ముందుకొచ్చింది. కోటు చెయ్యి. సుబ్బరాయలు. ఓడ వచ్చే నెల, పంగునిలో. టిక్కెట్టు వచ్చిందని నిన్ననే చెప్పాడు. ఆమె పోసింది. అతను అక్కడే నిలబడి గటగటా తాగి, గ్లాసు మళ్ళీ చాపాడు.

"ఇంకొంచెం పొయ్యవే," అన్నాడు. "అక్కడ ఇది దొరకదంట."

ఆమె అంచుదాకా పోసింది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. అతను గ్లాసు దించి, పక్కకి తప్పుకుని దారిచ్చాడు. వెనక వరస సముద్రం దాకా ఉంది. ఆమె గరిటె ముంచి తర్వాతి గ్లాసులో పోసింది.