చెరిపేసిన కాలు

గుర్రాన్ని గీయడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు పొగరు. ఇరవై ఏళ్ళుగా గుర్రాలు తప్ప మరొకటి గీయలేదు. తమ బొమ్మ వెయ్యమని ఎవరైనా వస్తే, "మీ ముఖానికి రంగులు మీరే వేసుకుంటున్నారుగా, మళ్ళీ నేనెందుకు?" అని పంపించేసేదాన్ని. అలాంటి నాకు ఆ రోజు పొద్దున ఒక్క కాలు కుదరలేదు.

అది కాటుక ముందు ఎడమ కాలు. కాటుక మా చెల్లెలి గుర్రం, నల్లటి ఆడగుర్రం. స్వారీ బడి ఆఫీసు గోడకు దాని బొమ్మ ఆరడుగులది కావాలని మాస్టారు అడిగి రెండు నెలలైంది. "నాలుగు కాళ్ళ మీద నిటారుగా నిలబడాలి. రాణిలా ఉండాలి" అన్నది ఆయన షరతు. మూడు కాళ్ళు రాణివే. నాలుగోది మాత్రం ఎన్నిసార్లు వేసినా కొయ్యకాలులా వస్తోంది. కత్తితో రంగు గీకేసి మళ్ళీ వేశాను. మళ్ళీ గీకేశాను. గోడ గడియారం ఎనిమిదింబావు చూపిస్తోంది. పది గంటలకు మా చెల్లెలు అదే గుర్రమెక్కి పోటీలో దూకబోతోంది. నన్ను రమ్మనలేదు.

రమ్మనకపోవడానికి కారణం ఉంది. రెండేళ్ళ క్రితం ఇలాంటి పోటీ రోజునే కాటుక కంట్లో పొర కనిపిస్తోందని నేను కొంపలు మునిగినట్టు గోల చేశాను. అది విని చెల్లెలు పోటీ నుంచి తప్పుకుంది. తీరా డాక్టరు చూస్తే పొరా లేదు, పాడూ లేదు. కిటికీ వెలుతురు కంట్లో పడితే నేను పొర అనుకున్నాను. ఒకప్పుడు నేనూ స్వారీ చేసేదాన్ని. కిందపడి మోచెయ్యి వంకర చేసుకున్నాక మానేశాను. అప్పటి నుంచి చెల్లెలు జీనెక్కిన ప్రతిసారీ నాకు ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. పొర లేదని తేలిన రోజు అది నాతో ఒకే మాట అంది. "ఇంకోసారి నా గుర్రం గురించి నోరెత్తావంటే నీకు చెల్లెలు లేదనుకో, అక్కా." గుర్రపుశాలకు బొమ్మలు వేసుకోవడానికి రానిస్తోంది, అంతే. ఇవాళ్టి పోటీలో గెలిస్తే రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. ఆ వయసు దానికి ఈ ఏడాదితో దాటిపోతుంది. మళ్ళీ అవకాశం రాదు.

కాలు అసలు ఎలా ఉంటుందో చూసుకుందామని స్కెచ్ పుస్తకం తీశాను. రోజూ పొద్దున్నే కాటుక మేత తిన్నాక దాని గది ముందు స్టూలు వేసుకుని బొగ్గుతో ఒక బొమ్మ గీస్తాను. పది నిమిషాల పని. కింద తేదీ వేస్తాను. నిన్నటి పేజీ చూశాను. కాలు బాగానే ఉంది, నిటారుగా. కానీ దాని పక్కనే బూడిదరంగు మరక కనిపించింది. బొగ్గు గీతను రబ్బరుతో ఎంత తుడిచినా పూర్తిగా పోదు. ఆ మరక కూడా ఒక కాలే. అసలు కాలికంటే జానెడు ముందుకు చాపి ఉంది.

మొన్నటి పేజీ తిప్పాను. అక్కడా అదే మరక, అదే జానెడు. అంతకు ముందు రోజుదీ అంతే.

పేజీలన్నీ చించి నేల మీద వరసగా పరిచాను. పన్నెండు రోజులు, పన్నెండు మరకలు. అంతకు ముందు పేజీల్లో మరక లేదు, కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

నిలబడ్డ గుర్రం వెనక కాళ్ళను మార్చి మార్చి సేద తీర్చుకుంటుంది. అది మామూలే. ముందు కాలు మాత్రం ఊరికే చాపదు. నొప్పి పుడితేనే ఆ కాలి మీద బరువు పడకుండా తప్పించుకుంటుంది. ఇది స్వారీ నేర్చుకున్న మొదటి ఏడాది నుంచే నాకు తెలుసు. తెలిసుండి కూడా, నా చెయ్యి రోజూ ఉన్నదున్నట్టు గీస్తుంటే, గీత తప్పిందనుకుని చెరిపేశాను. మాస్టారికి నిటారుగా కావాలిగా మరి. బుద్ధి గడ్డి తిందంటే ఇదే.

అడ్డుకర్ర మీంచి దూకి దిగేటప్పుడు గుర్రం బరువంతా ముందు కాళ్ళ మీదే పడుతుంది. ఆ కాలు మడత పడితే మా చెల్లెలు గుర్రం కింద ఉంటుంది. చేతులకు రంగు కూడా కడుక్కోకుండా కాగితాలు చుట్టి చంకన పెట్టుకుని స్కూటరు తీశాను. ఈసారి కూడా నా కళ్ళు మోసం చేస్తే ఉన్న ఒక్క చెల్లెలూ పోతుంది. దారి పొడవునా అదే ఆలోచన.

నేను గుర్రపుశాలకు చేరేసరికి తొమ్మిదిన్నర. కాటుక ముస్తాబై నిలబడి ఉంది. చెల్లెలు బూట్లు తొడుక్కుంటోంది. మాస్టారు, డాక్టరు పక్కనే ఉన్నారు. లాడాల తాత తన పెట్టె మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. ఇక్కడి గుర్రాలన్నిటికీ నలభై ఏళ్ళుగా లాడాలు కొడుతున్నది ఆయనే.

నన్ను చూడగానే చెల్లెలి ముఖం మాడిపోయింది.

"నువ్వెందుకొచ్చావ్?"

"ముందు ఎడమ కాలు బాలేదే. ఒక్కసారి చూడు."

"వచ్చేసింది!" అంటూ అది ఒంటికాలి మీద లేచింది. "చూశారా మాస్టారూ? పోటీ అనగానే మా అక్కకి రోగాలు కనిపిస్తాయి. పోయినసారి కన్ను, ఈసారి కాలు. వచ్చేసారి తోక!"

"నిన్న సాయంత్రమే చూశానమ్మా" అన్నాడు డాక్టరు, నవ్వాపుకుంటూ. "ఇసకలో పరిగెత్తించాను. కుంటు లేదు, జ్వరం లేదు."

"మెత్తటి ఇసకలో మీరూ కుంటరు, డాక్టరు గారూ" అన్నాను. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

కాగితాలు నేల మీద పరిచాను. "నా మాట నమ్మొద్దు. ఈ మరకలు చూడండి. పన్నెండు రోజులూ అదే కాలు, అదే జానెడు. నేనే చెరిపేశాను. తప్పు గీశాననుకున్నాను."

మాస్టారు వాచీ చూసుకున్నారు. "బొమ్మలు చూసి గుర్రాన్ని ఆపమంటావా? అవతల పేరు పిలిచే టైమైంది."

ఎవరూ వంగలేదు, తాత తప్ప. ఆయన పెట్టె మీంచి లేచి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో తేదీ మీదా వేలు పెట్టి చూశాడు. మొదటి మరక దగ్గర వేలు ఆగింది.

"పదమూడు రోజుల కిందట దీనికి కొత్త లాడాలు కొట్టింది నేనే" అన్నాడు.

ఆ మాట ఎంత బరువైనదో అక్కడున్న అందరికీ తెలుసు. మేకు ఒక్క పిసరు లోపలికి పోయినా గిట్టలో ప్రాణమున్న చోట నొక్కుకుంటుంది. నలభై ఏళ్ళలో తన మేకు పక్కకు పోలేదని చెప్పుకునే మనిషి ఆయన. ఆ గొప్ప విని విని మేమంతా ఆటపట్టించేవాళ్ళం.

తాత సుత్తి తీసుకున్నాడు. కాటుక ఎడమ కాలు ఎత్తి తన తొడల మధ్య పట్టుకున్నాడు. మేకు తలల మీద ఒక్కొక్కటిగా మెల్లగా తట్టాడు. ఒకటి. కాటుక చెవి కూడా కదపలేదు. రెండు, మూడు, నాలుగు. ఏమీ లేదు. చెల్లెలు నా వైపు చూసింది. నేనా చూపు తట్టుకోలేక గోడ వైపు తిరిగాను. ఐదు. ఏమీ లేదు.

ఆరో మేకు దగ్గర కాలు ఒక్కసారిగా లాగేసుకుంది.

"జనాన్ని చూసి బెదిరింది" అన్నారు మాస్టారు.

తాత కుడి కాలు ఎత్తి అన్నీ తట్టాడు. కాటుక నిమ్మకు నీరెత్తినట్టు నిలబడింది. మళ్ళీ ఎడమ కాలు పట్టుకుని, ఆరో మేకు మీద వేలితో కొట్టినంత మెల్లగా కొట్టాడు. కాటుక ఒళ్ళంతా జలదరించింది. తాత పక్కకు తూలి గోడ పట్టుకున్నాడు.

"మేకు పీకి చూడాలి తల్లీ" అన్నాడు చెల్లెలితో. "పీకితే ఇవాళ ఎక్కడానికి ఉండదు. పీకాక అందులో ఏమీ లేకపోతే నీ పోటీ పోయినట్టే. నువ్వే చెప్పు."

బయట మైకులో ఎవరిదో పేరు పిలిచారు. తర్వాతది మాదే. చెల్లెలు కళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. నాకు నోరు తెరిచి బతిమాలాలనిపించింది. పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. నేనడిగితే అది కాదంటుందని నాకు తెలుసు.

"మూడు రోజుల నుంచి దూకి దిగాక తల విదిలిస్తోంది" అంది చెల్లెలు, ఎవరి వైపూ చూడకుండా. "ఈగలనుకున్నా. ఈగలే అయ్యుండాలని అనుకున్నా." తర్వాత జీను పట్టీ విప్పడం మొదలుపెట్టింది. "పీకెయ్ తాతా."

తాత పట్టుకారుతో మేకు పట్టి లాగాడు. అది తడిగా, నల్లగా వచ్చింది. కుళ్ళు వాసన నాక్కూడా తగిలింది. వెనకే చిక్కటి చీము గిట్ట అంచు మీదుగా కారింది. డాక్టరు వేణ్ణీళ్ళ బకెట్టు కోసం పరుగెత్తాడు. తాత ఆ మేకును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ముసలాడినైపోయాను" అన్నాడు. ఈసారి ఆయన్ని ఎవరూ ఆటపట్టించలేదు.

మైకులో మా చెల్లెలి పేరు పిలిచారు. మూడుసార్లు పిలిచి మానేశారు. కాటుక కాలు వేడినీళ్ళలో పెట్టి అది బకెట్టు పక్కనే కింద కూర్చుంది, పోటీ కోటుతోనే. నేను గెలిచానని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. మొదటి రోజే నా గీతను నేను నమ్మి ఉంటే, ఈపాటికి ఆ పుండు మానిపోయేది. ఆ పేరు పిలిచినప్పుడు చెల్లెలు గుర్రం మీద ఉండేది.

"పన్నెండు రోజులు" అంది చెల్లెలు, నేల మీది కాగితాలు చూస్తూ. "రోజూ చూశావు. రోజూ చెరిపేశావు."

"అవును."

అది ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. చెయ్యి చాపింది.

"ఆ రబ్బరు ఇటివ్వు."

జేబులోంచి తీసి ఇచ్చాను. దాన్ని కోటు లోపలి జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకుంది. పక్కనున్న స్టూలు కాలితో నా వైపు తోసింది.

"కూర్చో అక్కా. ఇది మళ్ళీ నాలుగు కాళ్ళ మీద నిలబడేదాకా రోజూ గియ్యి" అంది.

స్టూలు మీద కూర్చున్నాను. కాగితం తిరగేసి, బకెట్టులో ఉన్న కాలుతో మొదలుపెట్టాను.