వాహనాలు దిగిన దేవుళ్లు

కుసుమకి చేతిలో బంక, మాటలో బింకం. ముక్తేశ్వరంలో కాపురం. మొగుడు బుల్లిరాజు కొబ్బరి వ్యాపారి కాబట్టి, ఏటా కొట్టుకొట్టూ ఇచ్చిన దేవుళ్ల క్యాలెండర్లు గోడగోడకీ వేలాడేవి. పాతబడితే మాత్రం పారెయ్యకూడదు, దేవుడి బొమ్మాయె! అత్తగారు వీరాయమ్మ వాటిని మూటగట్టి అటకెక్కించి, కార్తీకంలో రేవుకెళ్లి గోదాట్లో కలిపి వచ్చేది.

ఈ ఏడు ఆ మూటలో కుసుమ కత్తెర దూరింది. మధ్యాహ్నాలు జంతువుల్ని మాత్రం కత్తిరించి, పాత పేపర్లలో దొరికిన బొమ్మలతో కలిపి అట్టమీద మైదా జిగురుతో అతికించేది. దేవుడి గోటిమీద కూడా కత్తెర పడనివ్వలేదు. అంచేత పాపం లేదనుకుంది.

కొత్తపేట డ్రాయింగు టీచరు సాయిదుర్గ ఆ బొమ్మ చూసి, "దీన్ని కోలాజ్ అంటారండి. అమలాపురం ప్రదర్శనలో పెడదాం, రేపొచ్చి పట్టికెళ్తాను" అంది. గతుకుల రోడ్డు దాటని తన అతుకుల బొమ్మ అమలాపురం వెళ్తుందంటే కుసుమకి అన్నం సయించలేదు.

తెల్లారి వీరాయమ్మ మూట విప్పింది. ఎలుక పోయి ఏలిక మిగిలేడు. శివుడు గాల్లో కూర్చున్నాడు. హంస లేక సరస్వతి హింస పడుతోంది.

"ఏవే కుసుమా! వాహనాలేవే?"

"బొమ్మలో ఉన్నాయండి అత్తయ్యగారూ. స్వాముల్ని ముట్టుకోలేదండి."

"ముట్టుకోక? కిందనించి లాగేసేవు కదే! ఈ కన్నాల దేవుళ్లని గోదారికెలా పట్టికెళ్లనూ? ఊడదీసి ఎక్కడివక్కడ అంటించు."

"టీచరుగారు వచ్చేస్తారండి..."

"స్వామికంటే టీచరుగారెక్కువా?"

కుసుమ తడిగుడ్డ తెచ్చి నంది చెవి దగ్గర మొదలెట్టింది. చెవి చిరిగి చేతిలోకొచ్చింది. గుడ్డ పక్కన పడేసి ఏడుపందుకుంది.

"ఏడుపెందుకే, ఇటియ్యి" అని వీరాయమ్మ అట్ట లాక్కుంది.

నంది పడక్కుర్చీలో వాలి, కళ్లజోడు పెట్టుకుని పేపరు చదువుతోంది. ఎలుక కొబ్బరిబొండాం తాగుతోంది. సింహం మెడకి తువ్వాలు చుట్టుకుని జూలు కత్తిరించుకుంటోంది. హంస గొడుగేసుకుని మలికిపురం బస్సుకోసం చూస్తోంది.

వీరాయమ్మ చాలాసేపు నందినే చూసింది.

"దీని వీపుమీద ఎవరూ లేరేవిటే?"

"దిగిపోయేరండి."

వీరాయమ్మ ఆ ఇంటికి కోడలై వచ్చిన లగాయతు కొబ్బరి బుట్టలూ, ఎడపిల్లా చంటిపిల్లా, మంచాన పడ్డ మావగారూ... ఆవిడ ఎత్తని బరువంటూ లేదు. చెయ్యి దానంతటదే నడుంమీదికి పోయింది.

"ఉంచెయ్" అంది.

"మరి స్వాములండి?"

"నడిచొస్తారు. రేవెంత దూరవేంటి!"

మూట చంకన పెట్టుకుని గుమ్మం దాటబోతూ ఆగింది.

"ఇదిగో, నంది పక్కన ఖాళీ ఉంది. ఓ కుర్చీ అంటించు."

"ఎవరికండి?"

"నీకెందుకే? అంటించమంటే అంటించు."

కుసుమ పాత పేపర్లన్నీ తిరగేసింది. చెక్క కుర్చీలు చాలానే కనబడ్డాయి. వాటిని పక్కనపెట్టి, మెత్తటి పరుపున్న దానికోసం వెతకసాగింది.