ఎడమవైపు రెండో పన్ను

అయినా ఆ మాట అందరూ అన్నం తింటున్నప్పుడే అనాలా, విడిగా పిలిచి అడగొచ్చుగా, అడిగితే మాత్రం ఏం చెప్పేవాడు, అది వేరే సంగతి, మన ఊళ్ళోనే ఎవరో ఒకే కంప్యూటర్ నుంచి నా పేజీని రోజుకి పది పదిహేనుసార్లు చూస్తున్నారు అన్నయ్యా, పాపం ఎవరికో పళ్ళు అర్జెంటుగా కావాల్సినట్టున్నాయి, అని చిన్నల్లుడు ఫోను చూపించి పకపకా నవ్వితే, అత్తగారు నవ్వి, మరదలు నవ్వి, చివరికి తన సొంత పెళ్ళాం కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ ఇంటి పెద్దల్లుడు ఒక్కడే ముద్ద గొంతుకి అడ్డం పడి మంచినీళ్ళ గ్లాసు కోసం తడుముకున్నాడు, ఎందుకంటే ఆ చూస్తున్న మహానుభావుడు తనే, ఇదిగో ఈ కంప్యూటరే, ఈ కుర్చీయే, వాడికి తెలిసే అన్నాడా తెలియక అన్నాడా, తెలిసే అని ఉంటాడు, అన్నయ్యా అని అంత తియ్యగా పిలిచినప్పుడే అనుమానించాల్సింది, తెలియకే అని ఉంటాడు, వాడికంత తెలివెక్కడిది, తెలివి లేకపోతే ఆస్పత్రి ఎదురుగా అద్దాల తలుపుల షాపు ఎలా పెట్టాడు, అన్నిటికన్నా మండేది ఏమిటంటే అత్తగారు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది, ఆ పళ్ళు చిన్నల్లుడు కట్టినవే.

ఇంట్లో పాతికేళ్ళుగా కట్టుడు పళ్ళు కట్టే అల్లుడు ఉండగా ఆవిడ ఆ చిన్నవాడి దగ్గరికి వెళ్ళి నోరు తెరిచింది, మీరు తీరిక లేకుండా ఉంటారు కదా బాబూ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని, అని ఒక ముక్క, తీరిక లేకుండానట, ఆ నెలంతా ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు, ఆ మాట ఆవిడతో ఎలా చెప్పుకుంటాడు, ఇప్పుడేమో తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా పాకుతోంది, డౌన్‌లోడ్ అరవై రెండు శాతం, అరవై మూడు, ఆదివారం పొద్దున్నే స్నానం కూడా చెయ్యకుండా దీని ముందు కూర్చున్నాడు, దంతవైద్యుడి క్లినిక్కులో కంప్యూటర్లు చూసే మనిషి కాగితం మీద రాసిచ్చాడు ఈ బ్రౌజర్ పేరు, చూసేవాడి గుట్టు దాచేదట, ఎవరికండీ అని అడిగితే మా స్నేహితుడికి, మొహమాటస్థుడు, అన్నాడు, ఆయన నవ్వలేదు, మంచివాడు, దీంతో చూస్తే మీరడిగింది మూడు చేతులు మారి వెళ్తుంది సార్, మొదటి చేతికి మీరెవరో తెలుసు గాని ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు, చివరి చేతికి ఎక్కడికో తెలుసు గాని ఎవరో తెలియదు, మధ్య చేతికి రెండూ తెలియవు, అన్నాడు, అబ్బ, ఎంత చల్లగా ఉందో ఆ మాట, ఎవరికీ పూర్తిగా తెలియదు, అవతల వాడికి ఏదో దేశం నుంచి ఎవరో వచ్చినట్టు కనిపిస్తుంది, అంతే, ఇక నవ్వుకో నాయనా ఎంత నవ్వుకుంటావో, డెబ్బై ఒకటి.

ఏమండీ, ఏం చేస్తున్నారక్కడ, అని పక్కగదిలోంచి ఇస్త్రీ పెట్టె చప్పుడుతో కలిసి భార్య గొంతు, కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, బాగుచేస్తున్నా, పట్టదూ మరి, రోజంతా దాని మొహంలో మొహం పెడితే, అంది, అదేం మాట, తెలుసా ఏమిటి ఈవిడకి, తెలిసీ చెల్లెలికి చెప్పిందా, అక్కాచెల్లెళ్ళ ఫోన్లు మొదలైతే గంట, అందులో ఏమేం దొర్లిపోతాయో ఆ దేవుడికే తెలియాలి, లేదులే, చెప్పదు, ఇస్త్రీ పెట్టె మళ్ళీ బుస్సుమంది, నూరు శాతం, భాష ఏది కావాలో ఎంచుకోమంది, ఎక్కడ దాచాలో అడిగింది, అన్నిటికీ సరే సరే అని నొక్కుకుంటూ పోయాడు, ఊదారంగు కిటికీ తెరుచుకుంది, కలుపు అని ఒకే ఒక బొత్తాం, నొక్కాడు, గీత సగం దాకా వెళ్ళి ఆగింది, ఆగి ఆలోచిస్తోంది, ఎవడ్రా వీడు, ఏం పనిమీద దాక్కోవాలనుకుంటున్నాడు అని అడుగుతున్నట్టుంది, ఏం పనీ లేదమ్మా, తోడల్లుడి పళ్ళు చూసుకోవాలి, అంతే, అతనికే నవ్వొచ్చింది, కలిసింది, బాగా కనిపించాలని కిటికీని పెద్దది చేస్తే వెంటనే హెచ్చరిక, కిటికీ కొలతని బట్టి కూడా మిమ్మల్ని పోల్చుకోవచ్చు, ఇలాగే ఉంచండి అని, ఉలిక్కిపడి మళ్ళీ చిన్నది చేశాడు, కొలతని బట్టి మనిషిని పట్టేస్తారా, పట్టేస్తారు, తను మాత్రం దవడ కొలత చూసి మనిషి ఏ వయసువాడో చెప్పలేడూ.

పేజీ నత్తలాగా వచ్చింది, రాగానే ఏదో తెలియని భాషలో పలకరించింది, మూడో చెయ్యి ఏ దేశంలో ఉందో ఏమో, తర్వాత మీరు మనిషేనని రుజువు చేసుకోండి, సైకిళ్ళు ఉన్న బొమ్మలన్నీ నొక్కండి అంది, నొక్కాడు, మళ్ళీ నొక్కమంది, ఆ స్తంభం వెనక ఉన్నది సైకిలా కాదా, చిన్నల్లుడి గుమ్మం తొక్కడానికి తను మనిషినని ఒకటికి రెండుసార్లు నిరూపించుకోవాల్సి వచ్చింది, ఖర్మ, వీడు పెళ్ళైన కొత్తల్లో ఉద్యోగం సద్యోగం లేకుండా తిరుగుతుంటే మీ దగ్గర పెట్టుకోండి బాబూ, చెయ్యి తిరుగుతుంది అని బతిమాలింది అత్తగారే, స్పిరిట్ దీపం వెలిగించడం కూడా రాదు అప్పుడు వాడికి, మైనం కాల్చి బొగ్గు చేసేవాడు, ప్లాస్టర్ కలిపితే ఉండలు ఉండలు, వేళ్ళు పట్టుకుని నేర్పాడు, నాలుగేళ్ళు, ఆ తర్వాత వేరే పెట్టుకుంటానన్నయ్యా, మీ ఆశీర్వాదం కావాలి అని వంగి కాళ్ళు పట్టుకుంటే కాదనగలడా, ఇచ్చాడు, ఆశీర్వాదం దివ్యంగా పనిచేసింది, ఆరేళ్ళలో తనకి పని పంపే డాక్టర్లు ఒక్కొక్కరే అటు జారుకున్నారు, వీళ్ళ పళ్ళు పెట్టుకుంటే వయసు పదేళ్ళు తగ్గింది అని ఒకావిడ రాసింది ఇక్కడ, దేవుడి చేతులు అని ఇంకొకాయన, దేవుడి చేతులట, ఆ చేతులకి మైనం కత్తి పట్టుకోవడం ఎవరు నేర్పారని ఒక్కడైనా అడిగాడా, వాడైనా చెప్పాడా.

కిందికి జరిపితే కొత్త ఫొటో, ఇవాళే పెట్టినట్టుంది, పైనుంచి ఒక్కో చారా దిగుతోంది బొమ్మ, ముందు గులాబీరంగు చిగురు, తర్వాత పళ్ళ అంచులు, ప్లాస్టర్ అచ్చు మీద పై వరస పళ్ళు, మొత్తం వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు, బాగానే ఉన్నాయి, బాగా ఉన్నాయి, ఛీ, ఎందుకింత బాగుండాలి, చిగురు ముడతలు ఎంత నేర్పుగా తీశాడు, ఇది నేనెప్పుడు నేర్పాను వీడికి, దాని కింద నాలుగు వరసలేవో రాసుకున్నాడు, తన గొప్ప తను చెప్పుకుని ఉంటాడు, అది చదివే ఓపిక ఎవడికుంది, ఎక్కడో ఒక లోపం ఉండాలి, ఉండి తీరాలి, కుడివైపు కోరపన్ను సరిగ్గానే ఉంది, నడిగీత సరిగ్గానే ఉంది, రంగు కుదిరింది, ఎడమవైపు, ఆగు, ఆగు, ఎడమవైపు రెండో పన్ను, కాస్త లోపలికి తిరిగి, ముందు పన్ను మీదికి వెంట్రుకవాసి ఎక్కి కూర్చుంది, దొరికాడు, దొరికాడ్రా దొంగ, ప్రాణం లేచివచ్చింది, కుర్చీ ముందుకి లాక్కున్నాడు, కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు ఇది, మైనం చల్లారకుండా వదిలేస్తే పన్ను అలా తిరుగుతుంది, పాతిక సార్లు చెప్పాడు వాడికి, చల్లారేదాకా వేలు తియ్యొద్దని, ఎక్కడ వింటాడు, దేవుడి చేతులాయె.

పేరు రాయకుండానే రాయొచ్చు ఇక్కడ, పేరు అన్నచోట ఖాళీగా వదిలేశాడు, అభిప్రాయం అన్నచోట వేళ్ళు వాటంతటవే పరిగెత్తాయి, ఎడమవైపు రెండో పన్ను వంకరగా కూర్చుంది, ఇది కట్టినవాడికి చెయ్యి వణుకైనా ఉండాలి, కళ్ళు కనపడకైనా ఉండాలి, ఇలాంటివాడు జనం నోళ్ళు పాడుచెయ్యకుండా ఇంకో పని చూసుకోవడం మంచిది, ఒకసారి చదువుకున్నాడు, మరీ ఘాటుగా ఉందా, ఉండనీ, మూడు చేతులు మారి వెళ్తుంది కదా, చల్లారుతుందిలే, పంపించు నొక్కాడు, ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టు హాయిగా ఉంది, ఆరేళ్ళుగా గొంతులో ఉన్నది కక్కేసినట్టుంది, భార్య టీ తెచ్చి పెట్టింది, ఏమిటి ఒక్కరే నవ్వుకుంటున్నారు, వైరస్ పోయిందా, పోయింది, పోయినట్టే, ఇందాక చెల్లి ఫోన్ చేసింది, మరిదిగారు పొద్దుటినుంచీ కంప్యూటర్ దగ్గరే కూర్చున్నారట, పాత ఫొటోలేవో వెతుకుతూ, మీ మగాళ్ళకి ఆదివారం వస్తే ఆ పెట్టెలే పెళ్ళాలు, అని ఖాళీ పళ్ళెం ఊపుకుంటూ వెళ్ళిపోయింది, టీ మొదటి గుక్క తీపిగా, ఎంత తీపిగా ఉందో, రెండో గుక్క తాగుతుండగా పేజీ మళ్ళీ తెరిచాడు, తన మాట కింద అప్పుడే ఒక జవాబు.

అయ్యా, మీరెవరో నాకు తెలియదు, ఫొటో కింద నేను రాసింది మీరు చదివినట్టు లేదు, ఈ పళ్ళు నేను కట్టినవి కావు, నాకు పని నేర్పిన మా అన్నయ్య తొమ్మిదేళ్ళ కింద కట్టినవి, పాత ఫోనులో ఈ ఫొటో ఇవాళ దొరికితే పెట్టాను, ఆ పన్ను పొరపాటున తిరగలేదు, నన్ను ఎన్ని మాటలైనా అనండి, పడతాను, ఆయన చేతిని మాత్రం అనొద్దు, అని, అతను చదివాడు, మళ్ళీ మొదటినుంచి చదివాడు, టీ గ్లాసు ఎక్కడ పెట్టాడో తెలియలేదు, అబద్ధం, తప్పించుకోవడానికి తన మీదికి నెడుతున్నాడు, తను అలాంటి పన్ను ఎప్పుడు పెట్టాడు, ఎప్పుడూ, ఆగు, సంగీతం టీచరు, పొడుగ్గా ఉండే ముసలావిడ, పొడి దగ్గు, చేతిసంచీలోంచి ఒక పాత ఫొటో తీసి బల్ల మీద పెట్టి, నాకు అందమైన పళ్ళు వద్దు నాయనా, నా పళ్ళు నాకు కావాలి, అంది, ఫొటోలో పాతికేళ్ళ పిల్ల నోరారా నవ్వుతోంది, ఎడమవైపు రెండో పన్ను వెంట్రుకవాసి తిరిగి ఉంది, రెండు రోజులు కూర్చున్నాడు ఆ ఒక్క పన్ను మీద, భూతద్దం పెట్టుకుని, మైనం వేడి చెయ్యడం, తిప్పడం, ఫొటో చూడడం, చెరిపెయ్యడం, దీపం పట్టుకుని పక్కన నిలబడింది ఈ చిన్నల్లుడే, అన్నయ్యా ఇంత చిన్న వంకర ఎవరు చూస్తారు అన్నాడు, ఎవరూ చూడరురా, ఆవిడ చూస్తుంది, అని తనే అన్నాడు, అప్పట్లో రా అని పిలిచేవాడు వాణ్ణి, ఆవిడ అద్దం పట్టుకుని చూసి, నోరు మూసుకుని, మళ్ళీ తెరిచి, వచ్చావటే అంది, అద్దంలోకి చూసి, తనతో తనే అంది.

పైకి జరిపితే ఫొటో కింద ఆ నాలుగు వరసలు, తను చదవనివి, ఇవి నా గురువు, మా అన్నయ్య చేతి పళ్ళు, వీటిని చూసే నేను ఈ పనిలో ఉండిపోయాను, అని ఉంది, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఆరేళ్ళు తను ఆ పేజీ అంతా గాలించిన పేరు, దాని కిందే ఇంకో పని చూసుకోవడం మంచిది అని తన రాత, తుడిచెయ్యాలని తుడిచే గుర్తు కోసం వెతికాడు, లేదు, ఇది రాసినవారికే ఆ వీలుంది, మీరెవరు అంటోంది ఆ కిటికీ, నేనేనయ్యా రాసింది అంటే నమ్మడానికి దానికేం ఆధారం, అంత జాగ్రత్తగా దాక్కున్నాడు మరి, ఆ పళ్ళు నావే అని చెప్పుకోవాలంటే ఈ మాటా నాదేనని ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే ఎవరో పరాయివాడు తన పనిని తిట్టి పోయినట్టు అక్కడ అలాగే ఉంటుంది, దానికి అడ్డుపడ్డది ఎవడు, వాడు, చివరికి మంచితనంలో కూడా నన్ను మించిపోయాడా వెధవ, అని ఒక్క క్షణం మళ్ళీ భగ్గుమన్నాడు, సిగ్గేసింది, చెవులు కాలిపోయేంత సిగ్గు, ఏమండీ టీ చల్లారిపోతోంది అని పక్కగదిలోంచి కేక, అతను ఫొటో వైపే వంగాడు, ఎంత సన్నగా తిప్పాడు ఆ పన్నుని, ఆ మూల చిగురు ఎంత పలచగా తీశాడు, ఇంత మంచి పని ఎవరిదని అడగకుండానే తప్పు వెతికాడు, చెయ్యి చూస్తే చాలు పని ఎవరిదో చెప్పేస్తానని గొప్పలు పోయే తను సొంత చేతిని పోల్చుకోలేకపోయాడు, ఎలా పోల్చుకుంటాడు, చూస్తే కదా, రోజుకి పదిసార్లు ఈ పేజీ తెరిచి తను ఒక్కసారైనా పళ్ళు చూడలేదు, చూసిందంతా వాణ్ణే.