తెర వెనక తలుపు

ఆదివారం మధ్యాహ్నం లాండ్రీలో ఆవిరి ఆపేసి, ఇస్త్రీ బల్లలు గోడకి జరిపి, కిటికీలకి నల్లగుడ్డలు కట్టేవాళ్ళు. ఉతికిన దుప్పట్లలో పెద్దది చూసి గదికి అడ్డంగా బిగించేవాళ్ళు. అదే తెర. ప్రొజెక్టరుని బడి మాస్టారు తెచ్చేవాడు. ఆయన వేసేవన్నీ ఎక్కడెక్కడి దేశాలవో సినిమాలు: గనుల్లో పిల్లలు, నేల పోగొట్టుకున్న జనం, ఆకలి. ఆ భాషలు ఎవరికీ రావు. తెర కింద తెలుగులో పడే అక్షరాలను ఇస్త్రీ పనిచేసే ఒకామె, చదవడం రానివాళ్ళ కోసం పైకి చదివి వినిపించేది. అందుకే ఆమెను చదువులమ్మ అనేవాళ్ళు. ఉన్నది ఉన్నట్టు చదవడం ఆమె నియమం. బూతు వచ్చినా, పెద్దవాళ్ళున్నారని మింగేది కాదు.

సినిమాలో వాన పడితే ముందువరస తడిసేది. వాళ్ళు గొడుగులు తెచ్చుకునేవాళ్ళు. ఏదో యుద్ధంలోంచి కుంటుకుంటూ వచ్చిన కుక్కని ఒకావిడ చెయ్యి చాచి బయటికి లాగింది. అది ఇప్పుడు బాయిలరు పక్కన పడుకుంటుంది. ఏవైనా సరే, తెర ముందువైపు నుంచి బయటికొస్తాయి, వెనకవైపు తగిలితే లోపలికి పోతాయి. అందుకని తెర వెనక్కి ఎవరూ వెళ్ళరు. మాస్టారి టోపీ అలాగే పోయి, కొన్నాళ్ళకి ఇంకో సినిమాలో జైలు అధికారి నెత్తిన కనబడింది.

"నాకంటే వాడికే నప్పింది," అన్నాడు మాస్టారు.

చదువులమ్మ మొగుడు లారీ నడుపుతాడు. ఈ సినిమాల మొహం ఎన్నడూ చూడలేదు. ఇంటికొచ్చినప్పుడల్లా ఆమెను కొట్టేవాడు.

"మగాడన్నాక చెయ్యి లేస్తుంది. నువ్వే సర్దుకోవాలి," అనేది అత్తగారు, వాపుకి కాపడం పెడుతూ.

సర్దుకుంది. ఈసారి వాడు కూతుర్ని కొట్టాడు. చెవిలోంచి రక్తం కారింది. అప్పట్నుంచి ఎవరు దువ్వెన ఎత్తినా ఆ పిల్ల తల దాచుకుంటోంది. చదువులమ్మ పిల్లను తీసుకుని లాండ్రీ మేడగదికి వచ్చేసింది. 'ఆదివారం వచ్చి పిల్లని తీసుకుపోతా, అడ్డమొస్తే చంపేస్తా' అని వాడు కబురు పెట్టాడు.

ఆ ఆదివారం ముందు తలుపుకి గడియ వేశారు. వెనక తలుపు సంగతి ఎవరికీ తట్టలేదు. అది తెర వెనక ఉంది.

రేవు కూలీల సమ్మె సినిమా. గుర్రాల మీద పోలీసులు జనం మీదికి వస్తున్నారు. ముందువరస గొడుగుల మీద రాళ్ళు పడుతున్నాయి.

"'తొక్కేయండి' అంటున్నాడు అధికారి," అని చదివింది చదువులమ్మ.

వెనక తలుపులోంచి దూరి, చదువులమ్మ మొగుడు తెర పక్కనుంచి ఇనప రాడ్డుతో వచ్చాడు. "నీ చదువు చాలుగానీ, పిల్లనివ్వు."

మనవరాలిని చూడ్డానికొచ్చిన అత్తగారు లేచి అడ్డం నిలబడింది. "ఒరే, పసిదిరా..."

రాడ్డు ఆమె ముంజేతి మీద పడింది. గుర్రాల డెక్కల మోత మధ్య కూడా ఎముక విరిగిన చప్పుడు వినబడింది. పట్టుకోబోయిన మాస్టారి పళ్ళు రాలాయి. వాడు పిల్లను జుట్టు పట్టుకుని తెర వెనక్కి, వెనక తలుపు వైపు ఈడ్చాడు. చదువులమ్మ పిల్ల నడుం చుట్టేసి వేలాడింది. వీపు మీద ఒక దెబ్బ, భుజం మీద ఒకటి. వదల్లేదు.

"అటు పోకు, అటు పోకు!" అని ముందువరస అరిచింది, అలవాటు కొద్దీ.

వాడు నవ్వి, ఈసారి ఆమె తల మీద వెయ్యడానికి రాడ్డు వెనక్కెత్తాడు. కొన దుప్పటి వెనకవైపు తగిలింది. రాడ్డు లోపలికి పోయింది, మోచెయ్యి పోయింది. పిల్ల జుట్టు వదిలేసి దుప్పటి అంచు కోసం తడిమాడు. ఆ చెయ్యీ పోయింది. దుప్పటి ఒకసారి అల్లాడి ఆగింది. తెర ముందువైపు, గుర్రాల మధ్య, ఒక మనిషి రాడ్డు పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డాడు. రాడ్డు చూసి పోలీసులంతా వాడి మీదికే వచ్చారు.

మరుసటి ఆదివారం అదే సినిమా మళ్ళీ వేశారు. "ఒక్కసారి వాణ్ణి చూస్తాను," అని అత్తగారు అడిగింది. చేతికి కట్టుతో ముందువరసలో కూర్చుంది. వాడు లాఠీదెబ్బలు తింటూ, నెత్తురు కక్కుతూ, తెర దాకా పాకి వచ్చాడు. చెయ్యెత్తి చాచాడు. పెదాలు కదిలాయి. కింద అక్షరాలు పడ్డాయి: అమ్మా, నన్ను లాగు.

"ఏమంటున్నాడే?" అంది అత్తగారు, బాగున్న చెయ్యి ముందుకి చాపుతూ.

చదువులమ్మ చదవబోయింది. వాడి చెయ్యి లేవడం చూసి పక్కనున్న పిల్ల తల మోకాళ్ళలో దాచుకుంది.

"ఏం లేదత్తయ్యా. గుర్రాల చప్పుడు."

"నోరు కదుల్తోంది కదే?"

"గుర్రాల చప్పుడే."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. మనవరాలి వంగిన తల వైపు చూసింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, దాంతో పిల్ల మంచి చెవిని మూసింది.

"అవునే, గుర్రాలే," అంది. "పిల్ల జడుసుకుంటోంది."