తిప్పి తవ్విన బొంద

లింగస్వామి పోయాడని నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. పొద్దున్నే వాడలో డప్పు మోగింది. మా సంఘంలో ఎవరైనా పోతే గుడి గంట కొడతారు గాని డప్పు కొట్టరు. కాబట్టి సంఘానికి రానివాళ్లెవరో అనుకొని చాయ తాగుతూ కూర్చున్నాను. నా భార్య ఎస్తేరు నల్లా దగ్గరికి పోయి బిందె నింపకుండానే తిరిగొచ్చింది.

"యోహానన్న పోయిండట. డప్పు ఆళ్లింటి ముంగటనే కొడుతుండ్రు" అంది.

యోహాను అనేది లింగస్వామికి నేను పెట్టిన పేరు. మా వాళ్లకు రెండేసి పేర్లు. బాప్తిస్మంలో పెట్టుకున్న పేరు ఆదివారానికి, కాగితాల మీది పేరు మిగతా రోజులకు. ఎందుకని ఎవరూ అడగరు. యేసు గుడికి పోతామని కాగితం మీద ఒప్పుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది, బీసీ-సీలో పడతారు. అందుకే మా గుళ్లో కూర్చునేవాళ్లలో సగానికి పైగా ఆఫీసు లెక్కలో గుడి మొహం చూడనివాళ్లే. పాస్టరు కొడుక్కి మాత్రం అట్లా దాచుకునే వీలు లేదు. నా కొడుకు సతీశ్ పోలీసు పరీక్ష రాశాడు. వాడికన్నా తక్కువ మార్కులొచ్చిన పక్క సందు పిల్లగాడు ఇప్పుడు ఖాకీ వేసుకొని తిరుగుతున్నాడు. మావాడు జడ్చర్లలో ఉండి మందుల కంపెనీకి షిఫ్టులకు పోతున్నాడు. "బాపూ, నువ్వు కూలి పని చేసుకున్నా బాగుండు" అన్నాడు ఒకసారి. మళ్లీ అనలేదు. ఒకసారి చాలు.

ఎనిమిదో తరగతిలో బడి మానినవాణ్ణి. ఇరవై మూడేళ్లకు పరిచర్యకు వచ్చాను, ఇప్పుడు యాభై ఐదు. మొదట జడ్చర్ల అవతల ఒక రేకుల షెడ్డులో చెప్పాను. ఆ తర్వాత మేళ్లచెరువు దిక్కు. అక్కడ సిమెంటు దుమ్ము తుడుచుకొని బెంచీల మీద కూర్చునేవాళ్లు, పాట సగంలో దగ్గు అందుకునేది. మా సంఘాల్లో పాస్టరు ఉండాలా పోవాలా అన్నది చేతులెత్తి తేలుస్తారు. అక్కడ నేను పోవాలని లేచిన చేతుల్లో, నేను నీళ్లలో పట్టుకొని ముంచి లేపిన చేతులే ఎక్కువ. అట్లా చిట్యాల పక్కనున్న ఈ ఊరికి వచ్చాను. సామాను దించడానికి వచ్చినవాడు ఒక్క లింగస్వామి.

అప్పటికి అతను గుడికి కొత్త. ఊరవతల ఒక రైతు మోటబావిలో బాప్తిస్మం ఇచ్చాను. మేం బట్టలు మార్చుకోకముందే ఆ రైతు మోటరు వేసి బావి ఎండేదాకా నీళ్లు తోడించాడు. "మంచిగైంది, పూడిక దీసే కూలి నాకే దొరుకుతది" అని తడి లుంగీ పిండుకుంటూ నవ్వాడు లింగస్వామి. నిజంగానే దొరికింది. ఆ తర్వాత ఎవరికి బాప్తిస్మం ఇచ్చినా నాతోపాటు నీళ్లలో నిలబడి వాళ్ల నడుము పట్టుకునేవాడు. సంఘంలో ఎవరు పోయినా బొంద తవ్వేది కూడా అతనే. పొద్దు చూసి గడ్డపారతో నేల మీద గీత గీసేవాడు. తల పడమరకు, కాళ్లు తూర్పుకు. కడవరి దినాన లేచి కూర్చుంటే ఎదురుగా పొద్దు పొడుస్తూ కనబడాలి. వాడలోని పిల్లలకు ఆ గీత నేర్పింది అతనే.

మంచాన పడ్డాక ఒకనాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "నీళ్లల ముంచింది నువ్వు. మట్టిల గూడ నువ్వే వెట్టాలె అయ్యగారు. పాట వాడాలె. వేరేటోడు వెడితే లేచొస్త, సూసుకో" అన్నాడు. సరేనన్నాను.

తెల్ల చొక్కా వేసుకొని, బైబిల్ చేత పట్టుకొని పోయాను. సందు మొదట్లోనే అతని కొడుకు ఎల్లేష్ ఎదురొచ్చాడు.

"అయ్యగారు, జర ఆగుండ్రి. గా చేతులది ఇంట్ల వెట్టి రాండ్రి."

"ఎందుకు?"

"మీకు ఎర్కలేదా? మా బిడ్డ మమత పోలీసుల సెలక్షన్ అయింది గద. ఎవడో పిటిషన్ వెట్టిండు, వీళ్లు కిరస్తానపోళ్లని. ఎంక్వైరీ నడుస్తాంది. ఇయ్యాల మీరు వచ్చి ప్రార్థన జేస్తే ఎవడన్న ఫోన్ల దీస్తడు. పిల్ల బతుకు ఆగమైతది."

"మీ బాపు నన్ను ఏమడిగిండో తెలుసా?"

"నన్ను గూడ అడిగిండు. సరే అన్న. సచ్చేటోనికి కాదని చెప్తమా?"

అరుగు మీద లింగస్వామి కనబడుతున్నాడు. నుదుట ఇంత బొట్టు పెట్టారు. అతని భార్య జంగమ్మ కాళ్ల దగ్గర నుంచి లేచి నా దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకు.

"అయ్యా, నీ కొడుక్కు నౌకరి రాలే. మా పిల్లకన్న రానియ్యి. ముసలోడు ఏమనుకోడు, నువ్వు గూడ ఏమనుకోకు."

నేను ఏమీ అనకముందే మమత వాళ్లమ్మ చెయ్యి విదిలించుకొని వచ్చింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు గుళ్లో ఆ పిల్లను ఎత్తుకొని ప్రతిష్ఠ ప్రార్థన చేసింది నేనే.

"నాకు నౌకరి వద్దు నాయినా. తాత అడిగినట్టు అయ్యగారిని పాట పాడనియ్యి. నేను ఏదన్న కంపెనీల జేరి బతుకుత."

కంపెనీ అన్న మాట వినగానే నాకు సతీశ్ కనబడ్డాడు, నైట్ షిఫ్టు దిగి బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోతూ. దేవుణ్ణి నమ్ముకున్నందుకు సిగ్గుపడొద్దని ముప్పై ఏళ్లకు పైగా చెప్పిన నోటితోనే అన్నాను:

"నోరు మూసుకో బిడ్డా. కంపెనీ గింపెనీ అంటే దవడ పలుగుతది. పోయి మీ అవ్వను పట్టుకో."

ఇంటికి పోయి బైబిల్ పెట్టేసి, పాత చొక్కా వేసుకొని బొందలగడ్డకు పోయాను. సంఘానికి వచ్చేవాళ్లయినా రానివాళ్లయినా మా వాడవాళ్లందరినీ పెట్టేది ఆ వాగు ఒడ్డునే. పక్కన ప్లాట్లు చేసినవాళ్లు గోడ కట్టి సగం జాగా మింగారు. మిగిలిన దాంట్లో పాత సమాధుల నడుమ అటూ ఇటూ ఒక్క మనిషి పొడుగంత చోటు దొరికింది. అక్కడ లింగస్వామి దగ్గర గీత నేర్చుకున్న సైదులు, మా గుడి పిల్లలు బొంద తవ్వేసి కూర్చున్నారు. గోడ దగ్గర, ఊరివాళ్లలో ఒకడిలాగా నిలబడ్డాను.

శవం వచ్చింది. డప్పులోళ్ల వెనక నడుస్తున్న ఎల్లేష్ బొంద చూసి ఆగిపోయాడు.

"గిదేంది సైదులూ? గిట్ల తవ్వినవ్? తల దక్షిణం దిక్కు రావాలె గద!"

"తాత నేర్పినట్టే తవ్వినం. మాకు ఇంకోతీర్గ రాదు."

"ఫొటో దీస్తే గుడ్డోనికి గూడ తెలుస్తది ఎవల బొందనో! తిప్పుండ్రి."

"తాత బొందకే దిక్కు మార్సమంటవా? నాతోని గాదు. నీకు అంత ఉంటే నువ్వే తవ్వుకో." సైదులు గడ్డపార నేల మీద పడేశాడు. పిల్లలందరూ చేతులు కట్టుకొని నిలబడ్డారు. పాడె మోసేవాళ్లు భుజాలు మార్చుకుంటున్నారు. ఇంకోచోట తవ్వుదామంటే చోటు లేదు. ఎల్లేష్ ఎవరి వంకా చూడలేక నేల వంక చూస్తున్నాడు.

నేను పోయి గడ్డపార తీసుకున్నాను.

"అయ్యగారూ, మీరా!" అన్నాడు సైదులు.  బొందలోకి దిగి దక్షిణపు గోడ మీద మొదటి దెబ్బ వేశాను. మొరం నేల, దెబ్బకు పిడికెడు కన్నా రాలదు. కాసేపటికి చుట్టాల్లో ఇద్దరు దిగి ఉత్తరం వైపు తవ్వారు. పొద్దు వంగేసరికి అయిపోయింది. నన్ను చెయ్యి పట్టి పైకి లాగారు. వెనక్కి తిరిగి చూశాను.

తూర్పు పడమరలకు పిల్లలు తవ్వింది ఉంది. ఉత్తర దక్షిణాలకు మేం తవ్వింది ఉంది. నేలలో మనిషి లోతు శిలువ.

డప్పు ఆగింది. ఎవరో ఆడమనిషి "ప్రభువా" అని పైకే అంది. అక్కడున్నవాళ్లలో ఎవడో ఫోను తీశాడు.

"పూడ్సుండ్రి! గా రెండు పక్కలు జల్ది పూడ్సుండ్రి!" ఎల్లేష్ అరిచాడు.

పార నా కాళ్ల దగ్గరే ఉంది. తూర్పు చెయ్యి నేను పూడ్చాను, పడమటి చెయ్యి ఆ ఇద్దరు చుట్టాలు పూడ్చారు. ఎన్ని ఊళ్లలో గుడి మీద శిలువ నిలబెట్టడానికి నిచ్చెన ఎక్కానో గాని, ఒకటి పూడ్చడం అదే మొదలు.

లింగస్వామిని దక్షిణానికి తల పెట్టి దించారు. అందరితోపాటు నేనూ పిడికెడు మట్టి వేశాను. పైకి పాడకపోయినా లోపలైనా పాడుకుందామనుకున్నాను. మొదటి మాటే గుర్తు రాలేదు. మమత నా పక్కనే నిలబడింది, నా వంక చూడలేదు.

ఆ ఫోనులోది ఏదీ బయటికి రాలేదు, ఎంక్వైరీ సక్కగా ముగిసింది. మమత ట్రైనింగుకు పోయింది. ఆ పిల్ల పోయే ముందు జంగమ్మ మా ఇంటికి మిఠాయి పంపింది. ఎస్తేరు తిన్నది. నేను తినలేదు.

మొదటి పెద్దవాన పడిన తెల్లారి సైదులు ఉరుక్కుంటూ వచ్చాడు.

"అయ్యగారు, జూడుండ్రి! దేవుడు సూపిచ్చిండు!"

ఫోనులో ఫొటో. లింగస్వామి బొంద మీది మట్టి గుట్టగానే ఉంది. మేం పూడ్చిన రెండు పక్కలూ వానకు కుంగి నీళ్లు నిలిచాయి. ఆకాశం కనబడుతున్న రెండు చేతులు.

"ఎవలికన్న పంపినవా?"

"ఇంక లే. ముందుగాల మీకే."

"తీసెయ్."

"అయ్యగారు, గిది..."

"తీసెయ్ అన్న. ట్రైనింగ్ అయ్యేదాక ఆ పిల్లకు నౌకరి పక్కా గాదు."

సైదులు నా మొహం చూశాడు, ఫొటో తీసేశాడు. ఆ తర్వాత రెండు ఆదివారాలు గుడికి రాలేదు.

నేను తట్ట, పార పట్టుకొని పోయి మొరం పోసి, కాలితో తొక్కి, నేలను సాపు చేశాను. మళ్లీ వాన పడింది, మళ్లీ కుంగింది. ఒకసారి తవ్విన నేల అంత తొందరగా గట్టిపడదు. ఇప్పుడు మబ్బు పట్టిందంటే ఎస్తేరు ఆకాశం వంక చూస్తుంది, నా వంక చూస్తుంది.  తట్ట తీసుకొచ్చి గడప దగ్గర పెడుతుంది.