ఎరీనా ఎర్ర రవిక

గొయ్యి తవ్వడం అయిపోయింది. జనమంతా ముసాసా చెట్ల కింద చేరారు. పాడేవాళ్ళే లేరు.

లేకపోవడమేమిటి, యేసు గుడి మహిళా సంఘం మొత్తం అక్కడే ఉంది. బట్టల మీద తొడుక్కునే, సంఘం గుర్తయిన ఎర్ర రవికలు ఇళ్ళల్లో వదిలేసి, మామూలు బట్టల్లో, నోళ్ళు కుట్టేసుకుని వచ్చి కూర్చున్నారు. గుడిపెద్ద ముతంబిర్వా అలా రమ్మన్నాడు, వాళ్ళు అలాగే వచ్చారు. గొర్రెలు నయం, అప్పుడప్పుడైనా అరుస్తాయి అనుకుంది సెకెసాయి.

పెట్టెలో పడుకున్న ఎరీనాకు సెకెసాయి సహ్వీరా, తాతలనాటి నుంచి రెండిళ్ళ మధ్య నడుస్తున్న నేస్తం. చావు రోజున ఆ నేస్తం ఎవరినైనా వెక్కిరించవచ్చు, ఎంతటివాణ్ణయినా కడిగెయ్యవచ్చు. పడి ఊరుకోవాలే తప్ప ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. వేరే చావులో అయితే ఈపాటికి ఎరీనాలా నడిచి, ఎరీనాలా తుమ్మి అందరినీ నవ్వించేది. ఈరోజు ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

ఎరీనా చేసిన ఘోరం ఇంతే. మొగుడు పోయి ఏడాది తిరిగాక, అతని ఆత్మను ఇంటికి తెచ్చుకునే, గుడివాళ్ళు పాపమనే పాత తంతుకి అత్తింటివాళ్ళు రాగికల్లు కాచమన్నారు. రాగులు నానబెట్టి కాచింది. చుక్క తాగలేదు. ఆ ఆదివారమే ముతంబిర్వా గుడిలో అందరి ముందూ ఆమె ఎర్ర రవిక విప్పించి, వెనక బల్ల మీద కూర్చోబెట్టాడు. “నీ రక్షణ పోయింది, ఇక పరలోకం లేదు” అన్నాడు, కోడి పోయిందన్నంత తేలిగ్గా. ఆ రవిక గుడి బీరువాలోకి పోయింది. ఎరీనా మంచాన పడింది.

“ఆ రవికలోనే నన్ను పాతిపెట్టించు సెకెసాయీ. అది లేకుండా పోతే అక్కడ నన్ను గుర్తుపట్టరు” అని చివరి రోజుల్లో చేతులు పట్టుకుని అడిగింది. సెకెసాయి సరేనంది.

పెట్టె ఎత్తబోతుంటే సెకెసాయి లేచి, కొంగు బిగించి, గోతిలోకి దిగి కూర్చుంది.

“ఇదేం పనమ్మా?” అన్నాడు ముతంబిర్వా, పైనుంచి తొంగిచూసి.

“సహ్వీరాని. అడిగింది ఇస్తేనే లేస్తాను. దాని రవిక తెప్పించు, ఆడవాళ్ళ చేత పాడించు.”

“అదెలా కుదురుతుంది? రక్షణ అంటే చేతిలో గుడ్డులాంటిది. జారిందా, పోయినట్టే. ఆమె జార్చుకుంది.”

“జారడం నువ్వు చూశావేమిటి? చప్పుడేమైనా వినిపించిందా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ముతంబిర్వా కోటు సర్దుకుని, పట్నం నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు తవోంగా వైపు చూశాడు. ఈ కుర్ర పాస్టరు వచ్చిన దగ్గర్నుంచీ, దేవుడు ఒకసారి రక్షించినవాణ్ణి ఇక వదలడు, రక్షణ పోవడమన్నదే లేదు అని ప్రసంగాలు దంచుతున్నాడు. ఇద్దరికీ దానిమీద మాటల్లేవు కూడా.

“అయ్యగారూ, మీరు చెప్పండి. పోనిది పోయిందని ఎలా అంటాడీయన? మీరే తెప్పించండి రవిక” అంది సెకెసాయి.

తవోంగా గొంతు సవరించుకున్నాడు. “రక్షణ పోదు పిన్నీ. అది నిజం. కానీ కల్లు కాచిందంటే... అసలు ఆవిడ ఎప్పుడూ రక్షణ పొందలేదేమో.”

సెకెసాయి గోతిలోంచి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. “ఓరి నీ తెలివి తగలెయ్యా! ఆయన ఉన్నది పోయిందంటాడు, నువ్వు అసలు లేనే లేదంటావు. దానికోసమా మీరిద్దరూ ఎడమొహం పెడమొహంగా తిరిగేది? గురువారం గురువారం మీ గుడి ఊడ్చిందెవరు, దెయ్యమా? నీకు సంకటి వండిపెట్టింది రక్షణ లేని చేతులా? అప్పుడు అరగలేదా బాబూ?”

ఈసారి జనం నోళ్ళు మూసుకోలేదు. ఎండ నడినెత్తికెక్కింది. ముసలాళ్ళు ముతంబిర్వా వైపు గుర్రుగా చూడసాగారు. సహ్వీరాని గోతిలోంచి లాగేసే ధైర్యం ఎవరికీ లేదు.

ముతంబిర్వా భార్యను ఫరాయి వాళ్ళమ్మ అంటారు. మహిళా సంఘానికి పెద్ద. బీరువా తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆవిడ మొగుడి మొహం చూడకుండా లేచి గుడివైపు నడిచింది.

“నువ్వు గనక అది తెస్తే నీ రవిక కూడా విప్పిస్తాను!” అని అరిచాడతను. ఆవిడ వెనక్కి తిరగలేదు.

మడత పెట్టిన రవిక పట్టుకుని ఆవిడ తిరిగొచ్చేసరికి ముతంబిర్వాకి పరువు కాపాడుకునే దారి ఒకటి తట్టింది. “సరే, తొడగండి. వట్టి గుడ్డే కదా. అది తొడిగితే రక్షణ వచ్చెయ్యదు” అన్నాడు గట్టిగా, అందరికీ వినిపించేలా.

“తొడిగితే రానిది విప్పితే ఎలా పోయిందయ్యా?” అంది సెకెసాయి.

ముతంబిర్వా మళ్ళీ కోటు సర్దుకున్నాడు. పాస్టరు తన చెప్పులు చూసుకున్నాడు. ఆ మొహాలు చూస్తే సెకెసాయికి ఉమ్మెయ్యాలనిపించింది. ఇంతోటి బోడి జ్ఞానాన్నా ఆ పిచ్చిది దేవుడి మాటనుకుని గడగడలాడింది?

ఆడవాళ్ళు దుప్పట్లు అడ్డం పట్టారు. సెకెసాయి పైకొచ్చి ఎరీనా చేతులు రవికలోకి దూర్చింది. బొత్తాలు పెట్టింది. బొద్దుగా ఉన్నప్పుడు కుట్టించుకున్న రవిక ఇప్పుడు ఇద్దరు ఎరీనాలకు సరిపోతుంది. తెల్ల కాలరు మెడ చుట్టూ వేలాడుతోంది. నరకానికి పోతానన్న బెంగతో మనిషి ముద్ద మింగడం మానేసింది. సంఘంలో అందరికీ తెలుసు, ఒక్కరూ వెళ్ళి కూర్చుని తినిపించలేదు. ఫరాయి వాళ్ళమ్మ ఏడుస్తూనే పాట ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు.

పెట్టె దించారు. పిడికెడు మన్ను వెయ్యడానికి జనం వరసగా వచ్చారు. ముతంబిర్వా కూడా మన్ను తీసుకుని ముందుకొచ్చాడు.

సెకెసాయి అతని మణికట్టు పట్టుకుంది. “దాని రక్షణ సంగతి నాకు తెలీదు. ఒంటిమీది కండ మాత్రం నువ్వే తీశావు. ఆ మన్ను కింద పారేసి పో.”

సహ్వీరా మాటకి ఎదురు లేదు. అతను గుప్పిలి విప్పాడు.