అణు చదువుకు పటేలు సంతకం

మా ఊరి పోలీసు పటేలు ఆత్మారాం ఇప్పటికీ ఎడపల్లి బస్సుల కలిస్తే నవ్వుతడు. "ఏం నర్సన్నా, తమ్ముడు మంచిగున్నడా" అని అందరు వినేటట్టు అడుగుతడు. నా తమ్ముని ముచ్చట తీసే ముఖం వానికి లేదు. ఎందుకు లేదో చెప్తా.

మా పొలం, ఆత్మారాం పొలం పక్కపక్కన. నడుమ బాయి, ఇద్దరికి చెరి సగం. బాయి ఆవల ఒక తుకుడ భూమి, మా బాపుది. బాపు పోయినంక ఆత్మారాం అది తనదన్నడు. నేను బోధన్ కోర్టుల దావా వేసిన. డెబ్బై ఒకటి వానకాలంల వాడు హద్దురాళ్లు పీకి మా దిక్కు జరిపిచ్చిండు. నేను చూసిన, చేతిల ఉన్న పారతోని వాని భుజం మీద ఒక్కటి వేసిన. భుజం విరగలే. ఠాణాల కేసు మాత్రం అయ్యింది. దావా నాది, కేసు వానిది, రెండు నడుస్తున్నయి.

తమ్ముడు రాజారాం అప్పుడు హైదరాబాద్‌ల ఇంజనీరింగ్ చదువుతున్నడు. అసలు చదువు మెకానికల్. దానికి తోడు అణు ఇంజనీరింగ్ అని ఇంకోటి పెట్టుకున్నడు. క్లాసు మొత్తంల ఐదుగురే పెట్టుకున్నరట. సెలవులకు వచ్చినప్పుడు చక్కెర ఫ్యాక్టరీ గేటు బయట చెరుకు బండ్ల వరుసల ఇద్దరం కూసున్నం.

"నువ్వు చదివేది బాంబుల చదువా?" అని అడిగిన.

"బాంబు కాదన్నా. గా పొగగొట్టం చూడు. ఆడ పిప్పి మండుతది, నీళ్లు మరుగుతయి, ఆవిరికి చక్రం తిరుగుతది. మా దాంట్ల పిప్పి జాగల యురేనియం. మంట లేదు, పొగ లేదు. అణువు పగిలితే వేడి పుడుతది."

"పగలగొట్టేదెవరు?"

"ఒకటి పగిలితే అదే పక్కదాన్ని పగలగొడతది."

"మనూరోళ్ల లెక్క."

వాడు నవ్విండు. "గందుకే నడుమ కడ్డీలు దించుతరు. ఎన్ని పగలాలెనో అన్నే పగలాలె. మా చదువంత గా కడ్డీల మీదనే."

ఇంకోసారి చెప్పుమన్న. మా బండి గేటు దాటేదాక చెప్పిండు. నాలుగో తరగతి ఉర్దూ బడి మానినంక నాకు ఇంకొకరు పాఠం చెప్పుడు గదే.

డెబ్బై రెండు జనవరిల వాడు ముఖం గుంజుకొని వచ్చిండు. ఐదుగురిని బొంబాయి రియాక్టరు కాడికి రెండు వారాలు తీస్కపోతరట. ఆడ చేసిన పనికి మార్కులు. పోకుంటే ఆ చదువు లెక్కల పడదు. అయితే యుద్ధమైపోయి నెల దాటిందంతే, లోపలికి పోవాల్నంటే పోలీసు విచారణ కావాలె. కాయితంల ఒక గడి ఉన్నది: ఇంట్ల ఎవరి మీదనన్న కేసున్నదా?

ఊర్ల విచారణ అంటే పోలీసు పటేలు రాసిచ్చుడే. అంటే ఆత్మారాం.

నేను, రాజారాం పోయేసరికి ఠాణా జమేదార్ ఖాసిం సాబ్ వచ్చి పటేలు అరుగు మీద కూసున్నడు. తెల్లారి కాయితం నిజామాబాద్ చేరాలె, నాలుగు గంటల బస్సుకు పోతా అన్నడు.

"నేను అబద్ధం రాయ నర్సన్నా," అన్నడు ఆత్మారాం. "పోరడు బంగారం, గదే రాస్త. వాని అన్న నన్ను కొట్టిన కేసున్నది, అది గూడ రాస్త."

"కొట్టింది నేను పటేలా. బొంబాయి పోయేది వాడు."

"ఇంట్ల ఎవరి మీదనన్న అని అడిగిండ్రు. నువ్వు ఆ ఇంట్ల లేవా?"

జమేదార్ చాయ్ సాసర్ల పోసుకొని ఊదుకుంట, "రాజీ పడుండ్రి భాయ్," అన్నడు. "కేసుంటే ఉన్నదని పోతది, లేకుంటే లేదని పోతది. నాదేం పోతది."

"రాజీకి ఏం కావాలె?" అని అడిగిన.

ఆత్మారాం లోపలికి పోయి స్టాంపు కాయితం తెచ్చిండు. నేను రాకముందే రాయించి పెట్టుకున్నడు. దావా వాపసు, బాయి మీద, బాయి ఆవలి తుకుడ మీద నాకు హక్కు లేదు, అంతే.

రాజారాం నన్ను గోడ పక్కకు గుంజిండు. "వద్దన్నా. ఆ చదువు ఇడిసిపెడ్త. అది పక్క చదువే. మెకానికల్ పట్టా ఎట్లనన్న వస్తది."

"ఇడిసిపెడితే ఏమైతది?"

"ఏం కాదు. అణు శాఖల నౌకరికి పోరాదు, గంతే. ఆ తుకుడల చెరుకు లేకుంటే మనల కన్న అవ్వకు ఏం పెడతవు?"

నన్ను బడి మాన్పించిననాడు బాపు గూడ ఏం కాదనే అన్నడు. నా పార దెబ్బకు వీని చదువు తెగాల్నా?

మూడున్నర అయ్యింది. జమేదార్ టోపీ పెట్టుకున్నడు. నేను పోయి ఆత్మారాం కాళ్లు పట్టుకున్న. "సగం తీసుకో పటేలా. బాయి ఉంచు. నీ కడుపుల తలకాయ పెడ్త."

"లే నర్సన్నా, లే. సంతకం పెట్టేదానికి కాళ్లెందుకు. నిలబడ్డ చెరుకు నువ్వే కోసుకో, నేనేం కసాయోన్నా."

రాజారాం నా దిక్కు చూడలే, గోడ దిక్కు తిరిగిండు. నేను ఉర్దూల సంతకం పెట్టిన. పేరు గీత కిందికి జారింది. ఆత్మారాం విచారణ కాయితం మీద కేసు లేదని ఒక్క ముక్క రాసి సంతకం గీకిండు. జమేదార్‌కు బస్సు దొరికింది.

రాజారాం బొంబాయి పోయిండు, వచ్చిండు, పాసయ్యిండు. రియాక్టరుల నీళ్ల అడుగున నీలం వెలుగు చూసిన అని చెప్పబోయి, అవ్వ వచ్చి కూసుంటే మాట మార్చిండు. అణు శాఖోళ్లు నౌకరికని రెండు సార్లు పిలిచిండ్రు, రెండు సార్లు వద్దన్నరు. ఇప్పుడు ఒక పాలిటెక్నిక్‌ల లేతు మిషన్ పాఠం చెప్తడు. అణు చదువు మాట నేనెత్తితే కంచం ముందటి నుంచి లేస్తడు. తనకోసం ఇచ్చిన్నని కోపమో, తన మాట వినక ఇచ్చిన్నని కోపమో, చెప్పడు. నాకు మిగిలిన మడికి నీళ్లు కావాల్నంటే ఆత్మారాంను అడగాలె. ఈ యాసంగిల అడిగిన. చూద్దాం తియ్యి అన్నడు, మడి ఎండింది.

ఆ సంతకంతోని పోయింది సర్వే నంబరు నూట పన్నెండుల ఎకరం పదకొండు గుంటలు, బాయిల సగం వాటా.